పైగది కొలతలు

"గుండె కొత్తదైపోయిందన్నారుగా. చేతులు మాత్రం పాతవేనా?" అంది అత్తగారు తిజా, జలేహా ముందున్న చేటలోకి తొంగిచూసి.

చేటలో ఎండు నెత్తళ్ళున్నాయి. ఒక్కోదాని తల గిల్లి, పొట్ట చీల్చి, నల్లటి పేగు తీసి పారేయాలి. ఆదివారం పొద్దున్నే ఈ పని అయిపోతే వారమంతా వేపుడుకి వెతుక్కోనక్కర్లేదు. ఇదివరకు అరగంటలో తేలిపోయేది. ఇవాళ గంట దాటినా చేటలో సగం అలాగే ఉంది. నొప్పేమీ లేదు. కూర్చున్నచోట కూర్చోలేకపోవడమే. పది చేపలు గిల్లేసరికి లేచి నీళ్ళు తాగాలనిపిస్తుంది. నీళ్ళు తాగాక వెనక తలుపుదాకా వెళ్ళాలనిపిస్తుంది. అక్కడ నిలబడితే ఎందుకొచ్చిందో గుర్తుండదు. నాలుగేళ్ళపాటు ఛాతీలో తప్పటడుగులు వేసిన గుండె దాదాపు ఆరు నెలలుగా ఒకే తీరున కొట్టుకుంటోంది. అలవాటు లేని ఆ క్రమమే ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఇప్పుడు తప్పుతుంది, ఇదిగో ఇప్పుడు, అని ఒళ్ళంతా చెవి చేసుకుని కాచుకుని ఉంటోంది.

"చేస్తున్నా మక్," అంది జలేహా. పెళ్ళయిన రోజు నుంచీ అత్తగారిని అమ్మలాగే మక్ అని పిలుస్తోంది.

"చేస్తున్నావులే. మధ్యాహ్నానికైనా కంచంలోకి వస్తాయా అని."

"దాన్ని కాస్త నెమ్మదిగా చేసుకోనీ మక్," అన్నాడు హాల్లోంచి భర్త మహాదీ. అదే ఊపిరిలో, "లేహా, కాఫీ ఏమన్నా ఉందా?" అని కూడా అడిగాడు.

మహాదీ చెడ్డవాడు కాదు. ఎవరైనా అలా అంటే జలేహా ఒప్పుకోదు కూడా. ఓడరేవు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. గొంతు పెంచడు, పెట్టింది తింటాడు. ఏదైనా మోయాల్సివస్తే, "నాకు చెప్తే చేసేవాణ్ణిగా," అంటాడు. చెప్పడం కూడా ఒక పనేనని, రోజుకి నలభైసార్లు చెప్పేకంటే చేసేసుకోవడమే తేలికని అతనికి ఎప్పుడూ తోచలేదు. జలేహా గుండెకి అబ్లేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన రోజు చూడవచ్చిన బంధువులకి అతనే వివరించాడు. "తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, గుండె పైగదిలో తిక్కతిక్కగా మెరిసే చోట చుట్టూ కాల్చేశారంతే. రెండో రోజుకి ఇంటికి. దర్జీ దగ్గర చొక్కా బిగించుకున్నట్టు." అందరూ నవ్వారు. జలేహా కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి వాళ్ళకి టీ పెట్టింది. తొడ దగ్గర కట్టు ఇంకా విప్పలేదు.

ఆమెకి ఎవరూ వివరించనక్కర్లేదు. బటర్‌వర్త్ నుంచి రోజూ పొద్దున ఫెర్రీ ఎక్కి, పెనాంగ్ దీవిలోని ఆస్పత్రికి వెళ్ళి, గుండె స్కాన్ గదిలో ఇరవైమూడేళ్ళుగా ఇతరుల గుండెల్ని కొలుస్తున్న మనిషి ఆమె. నాలుగున్నరేళ్ళ కింద తన గుండె మొదటిసారి తడబడినప్పుడు అత్తగారు గాలి చేరిందంది, వీపుకి నూనె రాసి నాణెంతో ఎర్రగా వాతలు తేలేదాకా గీసింది. మహాదీ, "నువ్వు ప్రతిదీ ఎక్కువ ఆలోచిస్తావు," అన్నాడు. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు వయసడిగి, "ఆడవాళ్ళకి ఈ టైములో మామూలేనండీ," అని నిద్రమాత్ర రాశాడు. ఒకరోజు భోజనాల వేళ స్కాన్ గది ఖాళీగా ఉంటే, జలేహా తలుపు దగ్గరికి వేసి, తన ఛాతీ మీద తనే పరికరం పెట్టుకుని చూసుకుంది. ఎడమ కర్ణిక, గుండెలో ఎడమ పక్క పైగది, ముడుచుకోవడం మానేసి వణుకుతోంది. నలభైమూడు మిల్లీమీటర్లు. అప్పటికే సాగడం మొదలైంది. జెల్ తుడిచేసుకుని తలుపు తీసి, తర్వాతి పేషెంటుని పిలిచింది. ఆ నెలలో అత్తగారికి కంటి ఆపరేషన్. తర్వాత కూతురి పెళ్ళి. తర్వాత ఉపవాసాల నెల, పండగ. తను మంచాన పడితే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో ఆమె ఊహకే అందలేదు. పెద్ద డాక్టరు దగ్గర తన పేరు రాయించుకునేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. కర్ణిక నలభైఏడుకి వచ్చింది. ఆ నాలుగు మిల్లీమీటర్లు ఇంట్లో ఏయే పనులకు పోయాయో ఆమె వేళ్ళమీద చెప్పగలదు.

ఆ పెద్ద డాక్టరు పేరు రిద్జువాన్. హస్తవాసి మంచిది, పేషెంట్లతో నవ్వుతూ మాట్లాడతాడు. అబ్లేషన్ చేశాక పైగది ఎలా మారుతుందన్న దాని మీద మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. నూట ఎనభైఆరు మంది పేషెంట్లు. ఒక్కొక్కరికీ చేయకముందు, ఆరు నెలలకి, ఏడాదికి స్కాన్లు. ఆ కొలతలన్నీ జలేహావే. డ్యూటీ అయ్యాక సాయంత్రం ఆరింటి ఫెర్రీ అందుకునేదాకా కూర్చుని పాత బొమ్మలు తెరిచి, ఒక్కో కర్ణికనీ మూడేసిసార్లు కొలిచి, పట్టికలో ఎక్కించింది. నిరుడు అచ్చయిన మొదటి వ్యాసంలో చివరి పేజీలో చిన్న అక్షరాలతో, 'స్కాన్ విభాగం సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉంది. ఆ కొలతల వరకు సిబ్బంది అంటే జలేహా ఒక్కతే.

డాక్టరు అడిగింది ఒక్కటే, పైగది ఎంతుంది, ఎంత తగ్గింది. అడగనిది కూడా జలేహా కొలిచింది. పైగది నుంచి కిందికి దిగే రక్తం తెర మీద రెండు గుట్టల్లా కనిపిస్తుంది. కింది గది తెరుచుకుని లాక్కున్నప్పుడు మొదటి గుట్ట లేస్తుంది, పైగది తనంతట తాను ముడుచుకుని నెట్టినప్పుడు రెండోది. పైగది వణుకుతున్నన్నాళ్ళూ రెండో గుట్ట ఉండదు. అబ్లేషన్ తర్వాత లయ కుదిరితే మళ్ళీ లేస్తుంది. లేవాలి. కొందరిలో లేవలేదు. గది చిన్నదైంది, లయ బాగుంది, రెండో గుట్ట మాత్రం చీమలపుట్టంత. మొదట్లో తన చెయ్యి తప్పేమో అనుకుంది. వందమందిని దాటాక అర్థమైంది. తగ్గడంలో రెండు రకాలున్నాయి. మీద భారం దిగి, కండకి ఊపిరాడి తగ్గడం ఒకటి. కాల్చినచోట మచ్చ కట్టి, ఆ మచ్చ చుట్టూ ఉన్న కండని లాక్కుని, బిగుసుకుపోయి తగ్గడం ఇంకొకటి. స్కేలు మీద మాత్రం రెండూ ఒకే అంకె. రెండోరకం వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఆలస్యంగా వచ్చినవాళ్ళు. వాళ్ళ పాత చీటీలు తిరగేస్తే అందరికీ ముందు రాసింది నిద్రమాత్రే.

డాక్టరుకి చెప్పింది కూడా. రెండేళ్ళ కింద, లిఫ్టులో. ఆయన ఫోను చూసుకుంటూ విని, చాలా మర్యాదగా అన్నాడు. "కక్ లేహా, మీరు కొలవండి. అర్థం చెప్పడం నాకొదిలేయండి." కక్ అంటే అక్క. అక్కా అని పిలిచి మరీ అన్నాడు.

*

మంగళవారం వచ్చిన పేషెంట్లలో సువాన్ గైక్ ఒకామె. అరవైఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు నూడుల్స్ బండి నడిపింది. మూకుడు తిప్పి తిప్పి కుడిభుజం ఎడమదానికంటే లావు. అబ్లేషన్ అయి ఏడాది. జలేహా ఆమెని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి కొలిచింది. ముందు నలభైతొమ్మిది, ఇప్పుడు నలభైఒకటి. డాక్టరు చూస్తే చప్పట్లు కొట్టే అంకె. రెండో గుట్ట దాదాపు లేదు.

"అమ్మాయ్," అంది గైక్ గోడవైపు చూస్తూనే. "మా ఇల్లు మూడో అంతస్తు. నాలుగుసార్లు ఆగుతున్నాను. కిందటి నెల డాక్టరుకి చెప్తే, గుండె అద్భుతంగా ఉంది ఆంటీ, మీకు భయం ఎక్కువ, అని మాత్ర ఇచ్చాడు. మావాడేమో బండిని ఇంకొకళ్ళకి ఇచ్చేశాడు, ఎలాగూ చెయ్యలేవుగా అని. నిజం చెప్పు. ఇదంతా నా మనసులోనే ఉందా?"

"డాక్టరుగారు చూసి చెప్తారు ఆంటీ."

"ఆయన చెప్పాడు. నేను నిన్నడుగుతున్నాను."

స్కాన్ చేసేవాళ్ళు ఫలితం చెప్పకూడదు. ఆస్పత్రి రూలు. జలేహా ఇరవైమూడేళ్ళలో ఒక్కసారి కూడా దాటలేదు. టిష్యూ కాగితాలు ఆమె చేతికిచ్చి, పక్కకి తిరిగి యంత్రం మీది మీటలు అనవసరంగా సర్దింది. గైక్ నెమ్మదిగా చొక్కా బొత్తాలు పెట్టుకుని, "సరేలే. నీకూ ఉద్యోగమేగా," అని వెళ్ళిపోయింది. ఆ మాటలో కోపం లేదు. తిట్టి ఉంటే తట్టుకోగలిగేదే. సాయంత్రం ఫెర్రీలో జలేహా ఒక్క బల్ల మీదా కుదురుగా కూర్చోలేక ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు, మహాదీ మంచి హుషారుగా ఉన్నారు.

"వచ్చే వారం శనివారం కెందురి విందు పెడుతున్నాం," అంది అత్తగారు. "నువ్వు బతికి బట్టకట్టినందుకు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోకపోతే ఎలా? మసీదు నుంచి ఇమాం గారిని, వీధిలో వాళ్ళని, మా చెల్లెలి పిల్లల్ని, అందరినీ పిలిచాం. అరవైమంది అవుతారు."

"వంట?" అంది జలేహా.

వాళ్ళిద్దరూ ఆమెకేసి చూశారు. ప్రశ్న అర్థం కానట్టు.

"నీ చేతి మాంసం కూరకి పేరు కదా," అన్నాడు మహాదీ. "బయటి వంట ఏం బాగుంటుంది? నీ ఆరోగ్యం కోసమే కదా లేహా ఇదంతా. ఉల్లిపాయలు నేను తరుగుతాలే, నువ్వు చెప్పు ఎన్ని కావాలో."

తన గుండె బాగుపడినందుకు తనే అరవైమందికి నేతి అన్నం, మాంసం కూర, అనాస పచ్చడి వండాలి. నవ్వొచ్చింది. నవ్వితే ఏమనుకుంటారోనని చెయ్యి కడుక్కునే వంకతో పంపు దగ్గరికెళ్ళింది.

*

గురువారం ఆమె సొంత స్కాన్. ఆరు నెలలు నిండాయి. నూట ఎనభైఏడో పేషెంటు. తీసింది మలర్. అదే గదిలో ఎనిమిదేళ్ళుగా తన దగ్గర పని నేర్చుకున్న పిల్ల. "కక్ లేహా, మీరు ఊపిరి బిగపట్టకండి, మీరే కదా అందరికీ చెప్తారు," అని నవ్వుతూ కొలిచింది.

"నలభై," అంది మలర్. "నలభైఏడు నుంచి నలభై. చూడండక్కా, ఎంత చక్కగా తగ్గిందో."

"రెండో గుట్ట తియ్యి."

"డాక్టరు అది అడగలేదుగా."

"నేనడుగుతున్నా మలర్."

మలర్ తీసింది. జలేహా మోచేతి మీద లేచి, మెడ తిప్పి తెర చూసింది. మొదటి గుట్ట నిటారుగా, ఎత్తుగా. దాని వెనకాల రెండోది ఉందా లేదా అన్నంత పల్చగా. ఇలాంటి బొమ్మల్ని ఎలా చదవాలో ఆ పిల్లకి నేర్పింది జలేహాయే. కాసేపటికి మలర్ బల్ల మీది చెయ్యి జరిపి ఆమె భుజం మీద వేసింది.

ఫెర్రీ మెట్లెక్కాక ఎందుకు ఆగాల్సొస్తోందో, పది చేపలు గిల్లేసరికి ఎందుకు లేవాలనిపిస్తోందో, ఆర్నెల్లుగా తనని కుదురుగా ఉండనివ్వనిదేమిటో జలేహాకి తెలిసింది. ఆశ్చర్యంగా, ముందు కలిగింది ఊరట. తన మనసులో లేదు. తెర మీద ఉంది, కొలవొచ్చు. ఆ తర్వాత వెంటనే మంగళవారం గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గుర్తొచ్చింది.

అప్పుడే డాక్టర్ రిద్జువాన్ తలుపులోంచి తల పెట్టి, "ఎంత?" అన్నాడు. మలర్ చెప్పింది. "కక్ లేహా, మీరు మా బెస్ట్ కేసు. వచ్చేనెల బాంకాక్ సదస్సులో మీ బొమ్మే చూపిస్తాను. పేరు వెయ్యంలెండి, కంగారుపడకండి," అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం జలేహా మందులిచ్చే కిటికీ దగ్గరికెళ్ళింది. గైక్ ప్రతి గురువారం రక్తం పల్చబరిచే మందు కోసం వస్తుందని ఆమెకి తెలుసు. కుర్చీల వరసలో చివర కూర్చుని ఉంది, ఒళ్ళో గొడుగు. జలేహా పక్కన కూర్చుంది. యూనిఫాంలోనే కూర్చుంది, ఎవరు చూసినా చూడనీ అన్నట్టు.

"మీ మనసులో ఏమీ లేదు ఆంటీ," అంది. "మీ గుండె పైగది చిన్నదైన మాట నిజమే. కానీ మచ్చ వల్ల బిగుసుకుపోయింది. నెట్టాల్సినంత నెట్టట్లేదు. అందుకే రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం వస్తోంది. దీనికి మందుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర, ఇంకా కొన్ని పరీక్షలు. డాక్టరుగారిని రెండో గుట్ట గురించి అడగండి. అలాగే, రెండో గుట్ట అనే అడగండి."

గైక్ ముఖం పక్కకి తిప్పుకుంది. "ఏడాదిగా పిచ్చిదాన్ననుకుంటున్నాను," అంది. "నేను పిచ్చిదాన్నని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను తెలుసా."

*

సోమవారం డాక్టర్ రిద్జువాన్ పిలిపించాడు. ఈసారి నవ్వు లేదు.

"మేడం గైక్‌కి మీరేం చెప్పారు?"

"ఆవిడ గుండెలో ఏముందో చెప్పాను."

"అది మీ పని కాదు. మీకు తెలుసు."

"తెలుసు డాక్టర్. తప్పే. మెమో ఇవ్వండి, సంతకం పెడతాను." అలా అనడం ఆమెకే కొత్తగా ఉంది. ఫైలు తెరిచి రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఇది కూడా చూడండి. నూట ఎనభైఆరు మంది. అరవైఎనిమిది మంది ఆడవాళ్ళు. చిన్నదై బిగుసుకుపోయినవి వాళ్ళలో ఇరవైఆరు. మగవాళ్ళు నూటపద్దెనిమిది మందిలో పదిహేడు. మీ పట్టికలో వీళ్ళందరూ 'చక్కగా తగ్గింది' కింద ఉన్నారు. ఈ ఇరవైఆరు మందిలో పంతొమ్మిది మంది ఆయాసమని మళ్ళీ వచ్చారు. పద్నాలుగు మందికి ఆందోళన అని రాసి పంపించారు."

ఆయన కాగితం తీసుకున్నాడు. మొదట విసుగ్గా చదివాడు, తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని చదివాడు. వేలితో వరస వెంబడి దిగుతూ రెండుచోట్ల ఆగాడు. తెలివైనవాడు. అంకెలు అబద్ధమాడవని తెలిసినవాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"చెప్పాను. లిఫ్టులో. అర్థం మీకొదిలేయమన్నారు."

ఆయనకి గుర్తులేదని ముఖం చూస్తేనే తెలిసింది. జలేహా రెండేళ్ళు మోసిన మాట ఆయనకి నాలుగో అంతస్తు దాకా కూడా రాలేదు.

"బాంకాక్‌కి ఇది కావాలి," అన్నాడు. "ఈ రెండో గుట్ట వరస లేకుండా నేను మాట్లాడలేను ఇప్పుడు. ఈ కాగితాలు ఉంచండి."

"కాపీ ఇస్తాను. ముందు ఇక్కడ మన విభాగంలో నేను చెప్తాను డాక్టర్. నేనే నిలబడి. దాని మీద నా పేరుండాలి. నూట ఎనభైఏడో పేషెంటుని కూడా నేనే. అది ఒప్పుకోకపోతే నా స్కాన్ మీ సదస్సులో చూపించడానికి నేను అనుమతి ఇవ్వను."

ఆయన కిటికీ బయటికి చూశాడు. "శనివారం పొద్దున మీటింగుంది," అన్నాడు. "తొమ్మిదిన్నరకి. పది నిమిషాలు. మెమో మాత్రం వస్తుంది కక్ లేహా, నేను ఆపలేను."

"రానీయండి," అంది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర గోడకానుకుని నిలబడింది. శనివారం. అరవైమంది భోజనాలు. మధ్యాహ్నం నమాజు కాగానే వడ్డించాలంటే తెల్లారగానే పొయ్యి ముట్టించాలి.

*

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. "శనివారం పొద్దున నాకు ఆస్పత్రిలో పని ఉంది. నేను వండలేను. బయట చెప్పండి, లేదంటే వాయిదా వెయ్యండి."

మహాదీ ఫోను పక్కన పెట్టాడు. "ఏం పని? శనివారం నీకు సెలవుగా."

"మాట్లాడాలి. పదినిమిషాలు."

"పదినిమిషాల మాట కోసం అరవైమందిని..." అని ఆగి, సర్దుకుని, "ఇంకో రోజు మాట్లాడొచ్చుగా లేహా," అన్నాడు. "వాళ్ళేం పారిపోతారా?"

"ఇంకో రోజు కెందురి పెట్టొచ్చుగా అబంగ్. దేవుడేం పారిపోతాడా?"

అబంగ్ అని భర్తని పిలిచే ఆ పిలుపు పాతదే. ఇరవైఎనిమిదేళ్ళలో ఆమె అతనితో ఇలా మాట్లాడింది లేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

"పిలిచిన నోటితో రావద్దని చెప్పమంటావా?" అంది. "సరే. నువ్వు వెళ్ళమ్మా, ఊరేలుకో. నా చేతులేం పడిపోలేదు. ఈ ఇంట్లో నువ్వు రాకముందు వందమందికి వండాను." విసురుగా లోపలికెళ్ళి, అటకమీంచి పెద్ద ఇత్తడి గుండిగ దించింది. మహాదీ లేవబోయేలోపే దాన్ని ఎత్తుకుని పెరటి పంపు దగ్గరికి నడిచింది. తోమడానికి.

జలేహాకి గుండిగ కిందపెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత తోమే చప్పుడు వినిపించలేదు. ఓ నిమిషం ఆగి వెళ్ళి చూసింది. అత్తగారు పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి. వాలుతున్న ఎండ పక్కనుంచి పడుతోంది. తలగుడ్డ జారింది. డెబ్బైఆరేళ్ళ సన్నటి మెడ. ఆ మెడ పక్కన నరం కొట్టుకోవడం ఆరడుగుల దూరంనుంచి కనిపిస్తోంది. రెండు గబగబా, ఒక ఖాళీ, మళ్ళీ ఒకటి, మూడు తొక్కిసలాటగా, ఖాళీ. ఇరవైమూడేళ్ళ కళ్ళు. పరికరం అక్కర్లేదు.

జలేహా వెళ్ళి పక్కన మెట్టు మీద కూర్చుంది. అత్తగారి ఊపిరి నెమ్మదించేదాకా ఆగింది.

"ఎప్పట్నుంచి మక్?"

అత్తగారు అబద్ధం చెప్పడానికి సిద్ధపడి, చెప్పలేక మానేసింది. "మీ మామ బతికున్నప్పుడే. మహాదీ బళ్ళో చదివేవాడు. ఒకరోజు చేపలు కడుగుతుంటే మొదలైంది. ఆయనతో చెప్తే గాలి చేరిందన్నాడు. మా అత్త వీపు మీద నాణెం గీసింది."

"మీరు నాకు గీసినట్టే."

"నాకు గీసినట్టే నీకు గీశాను. నాకు ఇంకేం తెలుసు?" అంది ముసలామె. గుండిగకేసి చూస్తూ అంది. "నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు ఏడుపొచ్చింది. నీ కోసం కాదు. అబద్ధమెందుకు. దీనికి పేరుందా, దీనికి పడుకోబెట్టి వైద్యం చేస్తారా అని. నలభై ఏళ్ళు. నాకూ అదేనని అప్పుడే తెలిసింది. నీ మీద కోపం వచ్చింది. నీకు దొరికింది, నాకు దొరకలేదని."

పెరట్లో పంపు నుంచి నీళ్ళు ధారగా పోతున్నాయి. జలేహా లేచి పంపు కట్టేసింది. గుండిగని గోడకి బోర్లించింది. లోపలికెళ్ళి భర్తతో చెప్పింది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు.

"అబంగ్, శనివారం మక్ కూడా నాతో వస్తుంది. ఎనిమిదింటి ఫెర్రీకి. అరవైమందికీ ఫోను చెయ్యండి. ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి, నన్నడగొద్దు."

*

మహాదీ ఏం చెప్పాడో గానీ, కెందురి మూడు వారాలు వాయిదా పడింది. వంట బయటివాళ్ళు చేశారు. కూరలో ఉప్పు ఎక్కువైంది, అందరూ తిన్నారు. బాంకాక్‌లో డాక్టరు రెండు వరసలూ చూపించాడు. వ్యాసం మీద జలేహా పేరు రెండోదిగా పడింది. మెమో ఆమె ఫైల్లోకి వెళ్ళింది, అది కూడా అక్కడే ఉంది. గైక్‌కి నీరు తీసే మాత్ర పెట్టాక మూడో అంతస్తుకి ఒక్కసారే ఆగుతోంది. జలేహా కూడా అదే మాత్ర వేసుకుంటోంది. ఆమె రెండో గుట్ట పెద్దగా లేవలేదు. బహుశా లేవదు.

ఆ శనివారం మాత్రం మీటింగులో పది నిమిషాలకి బదులు ఇరవైఐదు నిమిషాలు పట్టింది. ప్రశ్నలు వేశారు, ఆమె చెప్పింది. చిన్న డాక్టర్లు ఇద్దరు రాసుకున్నారు. బయటికొచ్చేసరికి అత్తగారు వరండాలో బెంచీ మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బడిలో చేర్చడానికి తెచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుని ఉంది. స్కాన్ చేయించాలన్న చీటీ మలర్ ఆస్పత్రి డాక్టరు చేత ముందే రాయించి ఉంచింది.

స్కాన్ గదిలో మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుంది తిజా. గోడ తప్ప ఏమీ కనపడదు ఆ వైపు. "నా వీపు వెనకాల ఏం చేస్తున్నావు?" అంది అనుమానంగా. "నాకేం కనపడదా?"

ఇన్నేళ్ళలో ఎందరో ఆడవాళ్ళు ఈ గోడకేసి చూస్తూనే పడుకున్నారు. జలేహా చేతిలోని పరికరం కిందపెట్టింది. యంత్రం చక్రాల తాళం తీసి, దాన్ని మంచం చుట్టూ తిప్పి, గోడకీ మంచానికీ మధ్యన ఇరికించి, తెరని ముసలామె కళ్ళకి ఎదురుగా పెట్టి, తనూ అటే నిలబడింది. అటువైపు నుంచి కుడిచేత్తో కుదరదు. ఎడమచేత్తో తీయడం ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

ఎడమచేత్తోనే మొదలుపెట్టింది.